దించకు బావూ, దిగనీ

మొన్న మాస్టారి సంవత్సరీకానికి విశాఖ మల్కాపురం వెళ్లాను. భోజనాలయ్యాక వాళ్లమ్మాయి మేడమీది గదిలో మంచం కిందనుంచి ఇనప ట్రంకుపెట్టె బయటికి లాగి, "నాన్నగారి సామాను మీరే ఓసారి చూడండన్నయ్యా. ఏది ఉంచాలో, ఏది ఎవరికివ్వాలో మాకు తెలీట్లేదు" అంది. గొళ్లెం తుప్పుపట్టి ఓ పట్టాన రాలేదు. మూత ఎత్తీ ఎత్తగానే, లోపల ఏముందో కంటికి ఆనకముందే, వాసన కొట్టింది. కాలిన ఆముదం వాసన.

దీపంలో కాలే ఆముదం వాసన వేరు. చిన్నప్పుడు అమ్మ మాడుకి పెట్టిన ఆముదం వాసన వేరు. ఇది రేడియోతో ఎగరేసే బొమ్మ విమానం ఇంజన్లో మండి, సైలెన్సరులోంచి తెల్లటి పొగై వచ్చి, బల్సా అనే తేలిక చెక్క మీద, చొక్కా చేతుల మీద, గోళ్ల సందుల్లో జిడ్డుగా పేరుకున్న ఆముదం. దాని అడుగున కాస్త స్పిరిట్ ఘాటు, రెక్కలకి పూసే డోపు వాసన. పెట్టె ముందు నేలమీద అలాగే చతికిలబడ్డాను. కిందనుంచి వక్కపొడి తీసుకోమని ఎవరో పిలుస్తున్నారు. లేవబుద్ధి కాలేదు.

*

మాస్టారు అంటే బడిపంతులు కారు. హిందుస్థాన్ షిప్‌యార్డులో, మోల్డ్ లాఫ్టు అనే విభాగంలో పనిచేసేవారు. ఇప్పుడు ఆ పనంతా కంప్యూటర్లోనే అయిపోతుంది. అప్పట్లో కట్టబోయే ఓడ వంపుల్ని పెద్ద హాలులో నేలమీదే అసలు సైజులో గీసేవారు. పొడవాటి సన్నని చెక్కబద్దని వంచి, అటూ ఇటూ మేకులతో నిలబెట్టి, దాని వెంబడి గీత లాగేవారు. ఆ గీతనిబట్టి అచ్చులు, అచ్చులనిబట్టి ఉక్కు రేకులు. బద్ద తనంతట తాను వంగినచోటే మంచి వంపు వస్తుందట. బలవంతంగా వంచితే గీతలో ఎక్కడో ముడి కనిపిస్తుందట. ఆయన చెయ్యి ఆ పనిలో సాగిన చెయ్యి. విమానం రెక్కకి పక్కటెముకలు గీసినా అదే పద్ధతి. కింద చదును, పైన వంపు. రేజరు బ్లేడుతో పదహారు పక్కటెముకలు కోసి ఒకదాని మీద ఒకటి పేరిస్తే, అంచు మీద వేలు రాస్తే, ఎక్కడా మెట్టు తగిలేది కాదు.

మా నాన్న పోర్టులో పనిచేసేవారు. మాస్టారి ఇల్లు మాకు రెండు సందుల అవతల. ఆరోక్లాసులో అనుకుంటాను, సెలవుల్లో ఒక సాయంత్రం గోళీలాడుతుంటే వాళ్ల పెరట్లోంచి శబ్దం వచ్చింది. కందిరీగల తుట్టె కదిపినట్టు ఒక్కసారి లేచి, గీ అని సాగి, ఆగిపోయింది. గోడెక్కి చూశాను. స్టూలుకి బిగించిన పిడికెడు ఇంజన్, దానికి పది అంగుళాల ప్రొపెల్లరు, పక్కన గొంతుక్కూర్చుని చెవి అటు పెట్టి వింటున్న మనిషి. ఆయన నన్ను చూసి కోప్పడలేదు. "గోడ మీదేటి గుంటడా, ఇలా లోపలికి రా. ఫ్యానుకి ఎదురుగా మాత్రం నిలబడకు" అన్నారు. అలా మొదలైంది.

రేడియో సెట్టు, ఇంజను ఆయన తోడల్లుడు సింగపూర్ నుంచి తెచ్చారు. ఓడల మీద పనిచేసే చుట్టం లేని ఇల్లు మా వైపు తక్కువే. విమానాన్ని కిందనుంచి నడిపే నాలుగు చానళ్ల ఫుటాబా బాక్సు, ఆరున్నర సీసీ ఓ.ఎస్. ఇంజను. ఆ బాక్సుని అమ్మగారు దేవుడి గూటి పక్క అలమరలో, తువ్వాలు చుట్టి పెట్టేవారు. ఏడాది తిరక్కుండా విమానం తయారైంది. అయిదడుగుల రెక్క, రెండున్నర కిలోల బరువు. రెక్కని బాడీ మీద పెట్టి రబ్బరు బ్యాండ్లతో కట్టేవాళ్లం. అదేంటి, బోల్టులు వెయ్యొచ్చుగా అంటే, "పడ్డప్పుడు రబ్బరు ఊడితే రెక్క బతుకుతాది. బోల్టేస్తే రెండూ పోతాయి" అన్నారు. పడుతుందని ఆయనకి ముందే తెలుసు.

*

ఆముదం సంగతి చెప్పాలి. ఆ చిన్న ఇంజనుకి పెట్రోలు పనికిరాదు. నాలుగు పాళ్లు మిథనాలు, ఒక పాలు ఆముదం. మిథనాలు మండటానికి, ఆముదం లోపల పిస్టను అరిగిపోకుండా జిడ్డు పట్టించడానికి. ఇంజను వేడికి కూడా ఆముదం పొర చెదరదు, అదీ దాని గొప్ప. మొదట్లో పూర్ణా మార్కెట్టు నుంచి గానుగ ఆముదం తెస్తే పది రోజులకే ఇంజను బిగుసుకుపోయింది. అప్పట్నుంచి జిగురు తీసిన ఆముదం మందుల హోల్‌సేలు కొట్లో కొనేవారు. కలిపే పని మాత్రం మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. మిథనాలు విషం, కళ్లు పోతాయి. పైగా అంటుకుంటే పగటివేళ మంట కంటికి కనిపించదు. డబ్బాకి తాళం వేసి తాళంచెవి మొలతాడుకి కట్టుకునే మనిషి ఆయన.

ఇంజను అంటించడం కూడా ఒక తంతు. గ్లో ప్లగ్గులో ప్లాటినం తీగ చుట్ట ఉంటుంది. దానికి ఒకటిన్నర వోల్టుల సెల్లు తగిలిస్తే ఎర్రబడుతుంది. రబ్బరు గొట్టం తొడిగిన కర్రముక్కతో ప్రొపెల్లరుని ఎదురు కొడితే అంటుకుంటుంది. ఒకసారి అంటుకున్నాక సెల్లు తీసేసినా తీగ చల్లారదు. మిథనాలు ఆవిరి తగులుతున్నంతసేపూ ఎర్రగానే ఉంటుంది. పదకొండేళ్లవాడికి ఇంతకంటే మహిమ ఏముంటుంది!

ఆదివారం సాయంత్రం ఇంటికెళ్తే అమ్మ గుమ్మంలోనే చొక్కా విప్పించేది. ఎంత ఉతికినా జేబు దగ్గర ఆ వాసన ఉండిపోయేది.

*

శనివారం రాత్రి నిద్ర పట్టేది కాదు. నాలుగు గంటలకి మాస్టారి స్కూటరు సందు మొదట్లో ఒక్కసారి హారన్ కొట్టేది. అంతకుముందే ఆయన మేడెక్కి రిఫైనరీ చిమ్నీ మీద మంట ఎటు వాలుతోందో చూసుకుని ఉండేవారు. అదే మా వాతావరణ సూచన. మంట నిటారుగా ఉంటే ముఖంలో వెలుగు.

బాడీ ఆయన కాళ్ల మధ్య, ఇంధనం డబ్బా డిక్కీలో, రెక్క నా ఒళ్లో. దుప్పటి చుట్టి, పొడవు స్కూటరు వెంబడే ఉండేలా పట్టుకోవాలి. సింధియా దాటి, డాక్‌యార్డు గోడ పక్కనుంచి కాన్వెంట్ జంక్షను, పాత ఊరు, అక్కణ్నుంచి బీచ్ రోడ్డు. అప్పటికి రుషికొండ దాటాక ఇళ్లు లేవు. ఒకవైపు చీకట్లో అలల నురగ, ఇంకోవైపు జీడితోటలు. ఊరికి అంత దూరం ఎందుకంటే, ఇటు ఎయిర్‌పోర్టు, అటు నేవీ. అసలు విమానాలు తిరిగేచోట మన బొమ్మ ఎగరకూడదన్నది మాస్టారి మొదటి నియమం. దానికోసం నలభై కిలోమీటర్లు వెళ్లేవారు.

ఒకసారి రుషికొండ మలుపు దాటాక ఆయనే స్కూటరు కాస్త నెమ్మదించి, "ఇప్పుడు దుప్పటి తీసి, రెక్కని అడ్డంగా, తల మీదకి పట్టుకో" అన్నారు. రోడ్డు మీద పురుగు లేదు. పట్టుకున్నాను. మొదట ఏమీ లేదు. "ముందంచు కొంచెం లేపు." లేపాను. ఎవరో పైనుంచి రెక్క అందుకుని లాగినట్టయింది. భుజాలు సాగాయి. పిరుదులు సీటు మీద తేలికయ్యాయి. "ఇంకొంచెం లేపు." లేపాను. ఇంకా బలంగా లాగింది. "ఇంకా." ఈసారి లాగడం చటుక్కున మానేసి, రెక్క ముక్కలయ్యేలా అదిరి, నన్నే వెనక్కి తోసింది. మాస్టారు బ్రేకు వేశారు. "తెలిసిందా? లేపితే లేస్తాది. మరీ లేపితే ఒగ్గేస్తాది. దాన్నే స్టాల్ అంటారు. చేతులకి గుర్తుంచుకోమను." ఇప్పటికీ నా చేతులకి గుర్తుంది. చదువుకునే రోజుల్లో ఏ పాఠమూ నా ఒంట్లోకి అలా దిగలేదు.

*

భీమిలి రోడ్డు నుంచి లోపలికి, సముద్రానికి మైలు దూరంలో ఒక మెట్టభూమి. ఎర్రమట్టి. సముద్రంవైపు సరుగుడు తోట, కొండవైపు తాడిచెట్లు, దక్షిణాన జీడితోట. ఆసామికి ఏడాదికి రెండుసార్లు బట్టలు, పండక్కి స్వీటు ప్యాకెట్టు ఇచ్చి వాడుకునేవాళ్లం. మధ్యలో వందగజాల రన్‌వే. దాని రెండంచులూ ఇంటినుంచి తెచ్చిన ముగ్గుతో గీసేవాళ్లం. మాస్టారు చేతిలో ముగ్గు జారుతుంటే తాడు పట్టినట్టు గీత పడేది.

మొదటి ఏడాది నన్ను నేలకి దరిదాపుల్లోకి రానివ్వలేదు. ఆయన లేపి, పైకి తీసుకెళ్లి బాక్సు నా చేతికిచ్చేవారు. కిందకి దించే వేళకి మళ్లీ తీసుకునేవారు. "ఒక తప్పు చేసి, దాన్ని దిద్దబోయి ఇంకో తప్పు చేసినా, మూడోదానికి చోటుండాలి. అంత ఎత్తులో ఆడుకో" అనేవారు. ఆడుకోవడమంటే చక్కర్లు కొట్టడం కాదు. ఇంజను తగ్గించి, ముక్కు నిలబెట్టి, ఎంత నిదానంగా వెళ్తే విమానం తాళుతుందో చూడటం. ఇంకా, ఇంకా నిదానం. చివరికి రెక్క ఒక పక్కకి చటుక్కున తూలుతుంది. తూలేముందు బాక్సు మీది స్టిక్కు మెత్తబడుతుంది, విమానం మాట వినడం మానేస్తుంది. ఆ మెత్తదనం పట్టుకునేదాకా అదే పని. ఆదివారాలకి ఆదివారాలు గడిచాయి. విసుగొచ్చి ఏడుపొచ్చేది.

రెండో చిక్కు, విమానం మనవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. వెళ్తున్నప్పుడు చక్కగా తిప్పినవాణ్ని, వస్తున్నప్పుడు అటుది ఇటు లాగి గుండ్రంగా నేలవైపు తీసుకొచ్చేవాణ్ని. వెనకనుంచి మాస్టారి చెయ్యి వచ్చి సరిచేసేది. ఒకరోజు ఆయన అడిగారు. "పెళ్లి పందిరి ఒక పక్కకి వాలిందనుకో. గుంజ ఎటు పెడతావు?"

"వాలిన పక్కే మాస్టారూ."

"అంతే మరి. విమానం ఎదురొచ్చినప్పుడు కుడేటి, ఎడమేటి అని ఆలోచించకు. ఏ రెక్క వాలిందో ఆ రెక్క కిందకి కర్ర పెట్టు." స్టిక్కుని వాలిన రెక్కవైపు తోస్తే అది లేస్తుంది. ఆ రోజుతో ఆ చిక్కు తీరిపోయింది. తర్వాత నేనెంతమందికి చెప్పానో ఈ పందిరి గుంజ మాట.

విమానం చేతిలో పట్టుకుని నేలమీద నడిపించేవారు కూడా. రన్‌వేకి పక్కగా, గాలివాటున నడువు. రన్‌వే చివర దాటాక ఇంజను తగ్గించు. మలుపు తిరుగు. ఇంకో మలుపు. ఇప్పుడు రన్‌వేకి ఎదురుగా ఉన్నావు, రెక్కలు చదునుగా ఉన్నాయా? ఎంత ఎత్తు? ఎంత వేగం? అన్నీ పైకి చెప్తూ నడవాలి. పశువులు కాసే కుర్రాళ్లు నా వెనకాలే వరసకట్టి నడిచేవాళ్లు. మలుపులో విమానాన్ని వాల్చినప్పుడు ముక్కు లేపబోతే చేతిమీద చిన్న దెబ్బ వేసేవారు. నిదానంగా ఉన్న విమానం మలుపులో ముక్కు లేపితే లోపలి రెక్క ముందు ప్రాణం వదిలేస్తుంది. ఆ ఎత్తులో అది తిరిగి లేవదు.

*

యాంటెనా కొసకి జానెడు క్యాసెట్ టేపు ముక్క కట్టేవాళ్లం. పాడైపోయిన క్యాసెట్‌లోంచి పీకిన గోధుమరంగు టేపు. చిన్న గాలికి కూడా రెపరెపలాడేది. అది పడుకుంటే గాలి లేనట్టు.

విశాఖ గాలికి ఒక దినచర్య ఉంది. తెల్లవారుజామున కొండలవైపునుంచి చల్లగా, పలచగా సముద్రంవైపు వెళ్తుంది. ఎండ ఎక్కుతుంటే అది ఆగిపోతుంది. టేపు వేలాడుతుంది. చెమట పడుతుంది. కాసేపటికి సముద్రం వైపునుంచి మొదలై, తొమ్మిది పది గంటలకల్లా నిలకడగా వీస్తుంది. దించడం ఎప్పుడూ గాలికి ఎదురుగానే కాబట్టి, పొద్దున్న సముద్రంవైపునుంచి వచ్చి కొండకి ఎదురుగా దిగేవాళ్లం, పదింటికి కొండవైపునుంచి వచ్చి సముద్రానికి ఎదురుగా. మధ్యలో గాలి మారే అరగంట మాస్టారు ఎగరనిచ్చేవారు కాదు. ఇడ్లీ పొట్లాలు విప్పే వేళ అది.

సముద్రపు గాలి సరుగుడు తోట మీదనుంచి దూకి, తోట వెనక పొర్లుతుంది. పైన సాఫీగా వచ్చిన విమానం అక్కడికి రాగానే ఎవరో భుజం పట్టుకుని ఊపినట్టు ఊగుతుంది. అందుకే పదింటి తర్వాత రన్‌వే మొదట్లోనే చక్రాలు ఆనించాలి, తోట దాకా పోనివ్వకూడదు. ఇంకొకటి, ఎంత గాలి వీచినా నేల దగ్గరకొచ్చేసరికి అది పలచబడుతుంది. పైన ఎదురుగాలిని నమ్ముకుని నిదానంగా వచ్చిన విమానం, చివరి నాలుగడుగుల్లో ఆ గాలి తగ్గగానే తటాలున కూలబడుతుంది. గాలి ఉన్నరోజు ముక్కు ఇంకాస్త వంచి, ఇంకాస్త జోరుగా రమ్మనేవారు. "గాలుంది కదాని నెమ్మదించకు. గాలుంది కాబట్టే పరిగెత్తు" అంటే నాకు చాన్నాళ్లు అర్థం కాలేదు.

*

రెండో ఏడు దించడం మొదలుపెట్టాను. ప్రొపెల్లర్లు విరిగాయి. ముందు చక్రం తీగ వంగింది, మళ్లీ వంచాం, మళ్లీ వంగింది. నా తప్పు ఎప్పుడూ ఒక్కటే. రన్‌వే కనిపించగానే విమానాన్ని నేలవైపు తోసేవాణ్ని. తోస్తే వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే రెక్క మోస్తుంది. ముగ్గు గీత మొదలు నుంచి చివరిదాకా మోకాలెత్తులో తేలుతూ వెళ్లి సరుగుడు తోటలోకి. లేదంటే భయపడి ముక్కు ఎత్తేవాణ్ని, అది తాటిచెట్టు సగం ఎత్తుకి లేచి, గాల్లో నిలబడి, కింద పడేది.

మాస్టారు ముందు ఇంజను చూశారు. వట్టిగా తిరిగేటప్పుడు అది ఎక్కువ తిరుగుతోంది. ప్రొపెల్లరు లాగుతూనే ఉంటే విమానం ఎలా దిగుతుంది? కార్బురేటరు స్క్రూ అటూ ఇటూ తిప్పి, విడివిడిగా టక టక టక అని వినిపించేంత తక్కువలో ఆగిపోకుండా నిలబడేలా చేశారు. ఆ పనికి ఒక ఉదయమంతా పట్టింది. తర్వాత నా చెయ్యి చూశారు. "ఎత్తు కావాలంటే ఇంజను. వేగం కావాలంటే ఎలివేటరు. నువ్వు తిరగేసి వాడుతున్నావు" అన్నారు. ఎలివేటరంటే తోక మీద పైకీ కిందకీ కదిలే పలక, ముక్కుని లేపేదీ వంచేదీ అదే. ఎత్తు తగ్గాలంటే ఇంజను తగ్గించాలి, పొట్టిపడుతుంటే ఇంజను పెంచాలి. ఎలివేటరు ముక్కు కోసం, ముక్కు వేగం కోసం. వినడానికి తలకిందులుగా ఉంటుంది. అలవాటయ్యాక ఇంకోలా చెయ్యలేం.

ఆ సాయంత్రాల్లో నన్ను షీలానగర్ వైపు హైవే పక్కకి తీసుకెళ్లేవారు. హైదరాబాదు నుంచి ఇండియన్ ఎయిర్‌లైన్స్ బోయింగు దిగే వేళకి. నేవీవాళ్లకీ ఆ రన్‌వేనే. వాళ్ల స్థావరం పేరు డేగా, మన డేగే. మూడు కిలోమీటర్ల కొత్త రన్‌వే 2007లో వచ్చింది గానీ, అప్పటి పాతది 6,000 అడుగులే. "చక్రాలు సూడకు. ముక్కు సూడు." బోయింగు ముక్కు కొంచెం వంగి వచ్చి, నేల దగ్గర ఎవరో గడ్డం కింద వేలుపెట్టి ఎత్తినట్టు మెల్లగా లేచేది. లేచి, అలాగే ఉండేది. ఉండగా ఉండగా వెనక చక్రాల దగ్గర నీలం పొగ.

కానీ బోయింగు కంటే నాకు కొంగ ఎక్కువ నేర్పింది. మేఘాద్రిగెడ్డ పాయలో తెల్లకొంగలు దిగేవి. మాస్టారు గట్టు మీద గొంతుక్కూర్చుని, నన్నూ కూర్చోబెట్టి, గంటసేపు అవే చూపించేవారు. కొంగ నీటి మీదకి జారుతూ వస్తుంది, రెక్క కొట్టదు. జానెడు ఎత్తులో ఒళ్లు నిక్కించి, రెక్కలు పూర్తిగా విప్పి, కాళ్లు ముందుకు చాపుతుంది. ఆ క్షణంలో అది ఎగరడమూ లేదు, దిగడమూ లేదు. రెక్క పైన ఈకలు లేచి రెపరెపలాడతాయి. తర్వాత నీళ్లు చెదరకుండా నిలబడి ఉంటుంది. "ఎక్కడ స్టాలయింది?" అని అడిగేవారు. నేల మీదే, మాస్టారూ. కాళ్లు ఆనాకే.

ఓడ సంగతి కూడా ఆ గట్టు మీదే చెప్పారు. 1948లో జలఉషని నెహ్రూ గారు నీటిలోకి విడిచినప్పుడు వాళ్ల నాన్నగారు ఆ గుంపులో ఉన్నారట. స్వతంత్రం వచ్చాక సింధియా యార్డు నుంచి, అంటే ఇప్పటి హిందుస్థాన్ షిప్‌యార్డు నుంచి, వచ్చిన తొలి ఓడ. "అంత ఓడని నీటిలోకి ఎవరు తోస్తారనుకున్నావ్? ఎవరూ తొయ్యరు బావూ. స్లిప్‌వే వాలుగా ఉంటాది, కొవ్వు పూసి ఉంటాది. ఆపి ఉంచిన దుంగలు ఒక్కొక్కటే కొట్టేస్తారు. ఆఖరిది తీస్తే, దానంతటదే ఎల్తాది. మన పనంతా దానికి ముందే. వాలు సరిగ్గా ఉందా, దుంగలు వరసలో తీశావా, అంతే. విమానమూ అంతే. దించకు. దిగనీ."

ఇంటికొచ్చి ఆ రాత్రి చీకట్లో చేతిని దుప్పటి మీద ఎన్నిసార్లు దించుకున్నానో.

*

ధనుర్మాసం. హరిదాసు అప్పుడే సందులోకి వస్తున్నాడు, మేం బయల్దేరుతున్నాం. ఆ ఉదయం పది దాటింది, సముద్రపు గాలి లేచింది. మాస్టారు కాస్త వెనగ్గా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. విమానం గాలివాటున కొండవైపు వెళ్తోంది. తిప్పుదామనుకుంటుండగా ఇంజను ఒక్కసారి గొంతు పెంచి, ఆగిపోయింది.

ఇంజను ఆగాక వినిపించే చప్పుడు ఇంకొకటి ఉంది. రెక్క మీదనుంచి, తీగల మీదనుంచి గాలి ఈల వేసినట్టు సన్నగా వినిపిస్తుంది. అది అప్పుడు తొలిసారి విన్నాను. బాక్సు తీసుకోమని వెనక్కి చూశాను. ఆయన చేతులు ముందుకు రాలేదు.

"ముక్కు వంచు. ఇప్పుడే తిప్పు. రన్‌వే మర్చిపో."

తిప్పాను. మలుపులో ముక్కు లేపాలని వేలు గుంజింది, లేపలేదు. ఎదురుగాలిలోకి వచ్చింది. రన్‌వే అందదని కంటికి తెలుస్తూనే ఉంది. ముక్కు కాస్త లేపితే ఇంకొంచెం దూరం వస్తుందేమోనని ఆశ. ఆ ఆశే విమానాల్ని విరగ్గొడుతుందని నాకు అప్పటికి తెలుసు. రుషికొండ మలుపు దగ్గర నా భుజాలు సాగి, ఆ తర్వాత రెక్క నన్ను వెనక్కి తోసింది గుర్తొచ్చింది. వంచే ఉంచాను. రన్‌వేకి ముందు ఉలవలు కోసేసిన చేను. మోళ్లు. ఎడమ రెక్క వాలింది, గుంజ పెట్టాను. ఛాతీ ఎత్తు. మోకాలెత్తు. అప్పుడు వేలితో వెంట్రుకవాసి వెనక్కి. ముక్కు లేచింది. ఇంకో వెంట్రుకవాసి. అది దిగాలని చూస్తోంది, నేను దిగనివ్వట్లేదు. స్టిక్కు మెత్తబడింది.

"ఒగ్గీ బావూ. ఇంక ఒగ్గీ."

మోళ్లు బాడీకి గీసుకున్న చప్పుడు, ఎర్రదుమ్ము కొంచెం. ఆగిపోయింది.

పరిగెత్తుకెళ్లి చూస్తే ప్రొపెల్లరు అడ్డంగా నిలిచి ఉంది, చెక్కుచెదరలేదు. తోక కింద ఉలవ కాడ ఒకటి ఇరుక్కుంది. మాస్టారు నిదానంగా నడిచొచ్చి, విమానాన్ని తిరగేసి, ట్యాంకు గొట్టం చూసి, "క్లంకు పైకి తిరిగిపోయింది, అందుకే ఆగింది" అన్నారు. ట్యాంకు లోపల ఇంధనం పీల్చే గొట్టం కొసకి ఉండే బరువే క్లంకు. ఇంకేమీ అనలేదు. ఫ్లాస్కు మూతలో తన వంతు టీ పోసి నాకిచ్చారు.

*

ఆ తర్వాత ఇంకో ఇద్దరు చేరారు. వాళ్లలో ఒకరిదీ మాదీ ఒకే ఫ్రీక్వెన్సీ. అందుకని బట్టలకి పెట్టే క్లిప్పు ఒకటి ఉండేది, అది ఎవరి యాంటెనాకి ఉంటే వాళ్లే స్విచ్ వెయ్యాలి. ఒకరోజు క్లిప్పు లేకుండా స్విచ్ పడింది. గాల్లో ఉన్న మా విమానం ఒక్క క్షణంలో మాది కాకుండా పోయి, నిటారుగా వచ్చి ఎర్రమట్టిలో దిగబడింది. మాస్టారు ఆ కుర్రాణ్ని ఒక్క మాట అనలేదు. ముక్కలన్నీ దుప్పటిలో ఏరుకున్నాం. ఆరు వారాలకి కొత్తది తయారైంది, అదే అచ్చు మీద.

నేను చదువుకని, తర్వాత ఉద్యోగమని వెళ్లిపోయాను. వచ్చినప్పుడల్లా ఏదో కొత్తది చూపించేవారు. ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కోటి పెట్టే క్రిస్టళ్లు పోయి 2.4 గిగాహెర్ట్జ్ రేడియో వచ్చింది, క్లిప్పు అవసరం తీరిపోయింది. ఇంజను పోయి మోటారు, ఆముదం పోయి లిథియం బ్యాటరీ, బల్సా పోయి ఫోము. తూలకుండా నిలబెట్టే జైరోలు. కంప్యూటర్లో సిమ్యులేటరు మీద వాళ్ల మనవడు వారంలో నేర్చేసుకున్నాడని మురిసిపోయారు. నాకెందుకో ఆముదం లేని ఆదివారం మీద మనసు పోలేదు. ఆయనకి అలాంటి పట్టింపు లేదు. దిగే తీరు అదే కదా అనేవారు.

హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న, ఆదివారమే. మేడమీద రేకుల షెడ్డు లేచిపోయింది. గోడకి వేలాడే విమానాల్లో ఒక్కటీ మిగల్లేదు. ఫోనులు కలిశాక మాట్లాడితే, "రెక్కలున్నవి కదా, ఎల్లిపోయాయి" అన్నారు. గొంతులో ఏమీ తెలియనివ్వలేదు. వారం తర్వాత ఇద్దరం ఆ పొలానికి వెళ్లాం. జీడితోట మొత్తం వేళ్లతో సహా పడుంది. సరుగుడు సగం ఎత్తులో విరిగి, అన్నీ ఒకేవైపు పడుకున్నాయి. ఇప్పుడక్కడ లేఅవుటు, గేటు. ఎగరెయ్యాలంటే ముందు ఫోన్లో మ్యాపు తీసి ఆకుపచ్చ ఎక్కడుందో, ఎరుపు ఎక్కడుందో వెతుక్కోవాలి. 2021 డ్రోన్ నిబంధనలు వచ్చాక అదీ పద్ధతి, మంచిదే. మాస్టారు ఏ మ్యాపూ లేకుండానే నలభై కిలోమీటర్లు వెళ్లారు.

*

పెట్టెలో అడుగున లాంగు నోటుబుక్కు ఉంది. ప్రతి ఆదివారానికీ ఒక వరస. గాలి ఎటు, ఎన్నిసార్లు లేచింది, ఎన్నిసార్లు దిగింది, చివరి గడిలో "ప్రొ." అని, ఆ రోజు విరిగిన ప్రొపెల్లర్ల లెక్క. ఆ రెండో ఏడంతా చివరి గడిలో 1, 1, 2, 1, 1, 2. ధనుర్మాసం వరస వెతికి పట్టుకున్నాను. గాలి సముద్రం. ఇంజను ఆగింది, క్లంకు. చేను. ప్రొ. 0. సున్నా చుట్టూ పెన్సిలుతో ఇంకో చుట్టు చుట్టి ఉంది.

గుడ్డపీలికలో చుట్టిన ఇంజను కూడా దొరికింది. ఆముదం గోధుమరంగు వార్నిషులా గడ్డకట్టి ప్రొపెల్లరు కదల్లేదు. బలంతో తిప్పితే లోపల విరుగుతుంది. కిందకి తీసుకెళ్లి, వంటింట్లో పాత మూకుడు అడిగి, సన్నసెగ మీద పెట్టి, మెల్లగా వేడెక్కనిచ్చాను. మనవడు పక్కనే నిలబడి చూస్తున్నాడు. పావుగంటకి జిగురు కరిగింది. పట్టకారుతో తీసి, గుడ్డ పట్టుకుని తిప్పితే, మొదట జిగటగా, తర్వాత సాఫీగా, పైకొచ్చినచోట టప్ మని కంప్రెషను తగిలింది. వాడి చేతికిచ్చాను. వాడూ తిప్పాడు. టప్.

ఇల్లంతా ఆ వాసన నిండిపోయింది. హాల్లోంచి వాళ్లమ్మాయి వచ్చి కిటికీ రెక్క మీద చెయ్యి వేసింది.

"ఉండనీవే" అన్నారు అమ్మగారు.